బొజ్జకు వచ్చిన బేరం

వేదిక మధ్యన గాత్రం, ఒక పక్క వయొలిన్, మరో పక్క మృదంగం సర్దుకుని కూర్చున్నాక, మిగిలిన జాగాలో మైకు అందితే అందినట్టు, లేకపోతే లేనట్టు కూర్చునే మనిషిని ఘటవిద్వాంసుడంటారు. విక్కు వినాయకరాం గారు ఇదే మట్టికుండతో ప్రపంచమంతా తిరిగి, 'ప్లానెట్ డ్రమ్' ఆల్బమ్‌తో గ్రామీ దాకా వెళ్లిన మాట నిజమే గాని, విజయవాడలో ఆకాశవాణి బి-హై గ్రేడుతో 30 ఏళ్లుగా నెట్టుకొస్తున్న నాకు ఈ కుండ వల్ల దక్కిన గుర్తింపల్లా, రైల్లో దాన్ని చూసిన తోటి ప్రయాణికులు మంచినీళ్లు అడగడమే.

ఇది చూడలేక మా అబ్బాయి, సంగీత కళాకారులకూ వ్యాపార సంస్థలకూ జత కుదిర్చే ఒక టెక్నాలజీ కంపెనీలో నా పేరు నమోదు చేయించాడు. పెళ్లిళ్ల పేరయ్య చేసే పనే వీరూ చేస్తారు. కాకపోతే జాతకానికి బదులు వీడియోలు, గోత్రానికి బదులు ఫాలోవర్ల సంఖ్య చూస్తారు. దరఖాస్తులోని వాద్యాల జాబితాలో గిటార్ నుంచి యుకులేలే దాకా అన్నీ ఉన్నాయి గాని ఘటం లేదు. మావాడు 'ఇతరములు' అన్నచోట నొక్కి 'కుండ' అని రాశాడు. వారం తిరగకుండా ఒక కుండ బిర్యానీ హోటల్ వారు ఫోన్ చేసి, రోజుకు ఎన్ని సరఫరా చేయగలరని అడిగారు. ఆ సంబంధం అంతటితో తప్పిపోయింది.

రెండో సంబంధం సంగతి చెప్పాలంటే ముందు నా పొట్ట సంగతి చెప్పాలి. ఘటం శ్రుతి కుమ్మరి ఆవంలో కాలినప్పుడే నిర్ణయమైపోతుంది. ఆ తరువాత మైనమో తడిమట్టో అద్ది కాస్త దించుకోవచ్చు గాని, పెంచడం ఎవరి తరమూ కాదు. కుండ మూతిని పొట్టకు ఆనించి, నొక్కుతూ వదులుతూ వాయిస్తే, లోపలి గాలి కదిలి గుంకీ అనే గంభీరమైన నాదం పలుకుతుంది. అందుకే మా గురువుగారి కాలం నుంచీ చొక్కా విప్పి వాయించడం మాకు అలవాటు. నా పొట్ట తిండి వల్ల పెరిగిందని మా ఆవిడా, సాధన వల్ల పెరిగిందని నేనూ 20 ఏళ్లుగా వాదించుకుంటున్నాం. ఆ కంపెనీ వారి కృత్రిమ మేధ నా వీడియోలన్నీ పరిశీలించి, తెర మీద కనిపించే రెండు గుండ్రని వస్తువులలో అమ్మకానికి పనికొచ్చేది రెండోదేనని, మా ఆవిడ పక్షాన తీర్పు చెప్పింది.

"సార్, మీకు 97 శాతం మ్యాచ్ వచ్చింది" అని ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"దేనితో అమ్మా?"

"ట్రెడ్‌మిల్ కంపెనీతో సార్. ఇప్పుడున్న పొట్టతో ఒక వీడియో, మూడు నెలల తర్వాత పొట్ట లేకుండా ఒక వీడియో. వెనకాల మీ మ్యూజిక్కే ఉంటుంది."

"పొట్ట లేకపోతే మ్యూజిక్కూ ఉండదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి దాన్ని ఆకలి మాటగా అర్థం చేసుకుని, "డైట్ చార్ట్ కూడా వాళ్లే ఇస్తారు సార్" అని ధైర్యం చెప్పింది.

పారితోషికం అడిగితే, 45,000 రూపాయల ట్రెడ్‌మిల్లే పారితోషికమని తెలిసింది. అదైనా ఉత్తినే రాలేదు. ఇలా ప్రచారం కోసం ఇచ్చే వస్తువుల విలువ ఏడాదిలో 20,000 దాటితే 10 శాతం పన్ను మినహాయించాలని 2022 జూలైలో 194ఆర్ అనే సెక్షను అమల్లోకి వచ్చిందట. ట్రెడ్‌మిల్లులో పదో వంతు విరిచి ప్రభుత్వానికి పంపడం కుదరదు గనుక, ఆ 4,500 నన్నే కట్టమన్నారు. శాలువాతో, కొబ్బరికాయతో సరిపెట్టిన కచేరీలు చాలా చేశాను గాని, ఎదురు డబ్బిచ్చి వాయించినది ఇదొక్కటే. పైగా, వస్తువు తీసుకుని చేసిన వీడియో మీద అది ప్రకటన అని స్పష్టంగా తెలియాలన్నది ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో పెట్టిన నియమం. ట్రెడ్‌మిల్ వారు 'ప్రకటన' అన్న ఆ మాటను తెచ్చి సరిగ్గా నా బొడ్డు మీద అంటించారు.

ఆరు వారాలు నడిచేసరికి పొట్ట రెండంగుళాలు తగ్గింది. ఆ ఆదివారం కచేరీలో, లయవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనం నా వంతుకు వచ్చాక, కుండ మూతికీ పొట్టకూ మధ్య సందు ఏర్పడి, గుంకీ పలకవలసిన చోట పొయ్యి ఊదినట్టు 'ఉఫ్'మని వినిపించింది. మృదంగం ఆయన నా వైపు వంగి, "ఏమయ్యా, ఘటానికి చిల్లు పడిందా?" అన్నారు.

"చిల్లు కాదండీ, ఒప్పందం" అన్నాను.

రెండో వీడియో నేను ఇవ్వలేదు, వారూ గట్టిగా అడగలేదు. మొన్న పన్నుల ఖాతా తెరిచి చూస్తే, 30 ఏళ్ల నా ఘటవాద్యంలో ఆదాయపు పన్ను శాఖ వారి లెక్కకు ఎక్కిన ఏకైక ఆదాయం ఆ 45,000 మాత్రమే. ప్రస్తుతం ట్రెడ్‌మిల్ మీద మా ఆవిడ నడుస్తోంది. నేను ఎదురుగా కూర్చుని, పెసరట్టు ఉప్మాతో సాధన మళ్లీ మొదలుపెట్టాను.