వృత్తి: ఒక్కటి మాత్రమే ఎంచుకోండి

సొంతంగా పని పెట్టుకున్న మనిషి బ్యాంకులో వ్యాపార ఖాతా తెరవాలంటే ముందుగా అతని వృత్తి ఏమిటో తేలాలి, అది ఒక్కటే అయి ఉండాలి, పైగా బ్యాంకువారు ముందే రాసి పెట్టుకున్న జాబితాలో అది ఉండి తీరాలి. నిన్న మధ్యాహ్నం నాకు జరిగిన పరాభవానికి మూలం ఈ షరతులే గనుక, ముందు వాటి సంగతి గబగబా ముగించి తరువాత గడియారాల దగ్గరికి వస్తాను.

జాబితాలో ఉద్యోగి, వ్యాపారి, రైతు, విద్యార్థి, గృహిణి, విశ్రాంత ఉద్యోగి అని ఉన్నాయి. అన్నిటికన్నా కింద, పంక్తిలో చోటు దొరకని వాళ్ల కోసం, ‘ఇతరులు’ అని ఉంది. దాన్ని నొక్కితే ‘వివరించండి’ అంటూ ముప్ఫై అక్షరాలు మించని గడి ఒకటి తెరుచుకుంది. నా బతుకుతెరువు ముప్ఫై అక్షరాల్లో ఇమిడేదే అయితే నేను ఏనాడో ఏదో ఒక కుర్చీలో స్థిరపడి, విశ్రాంత ఉద్యోగుల వరుసలో గౌరవంగా నిలబడి ఉండేవాణ్ణి.

చదువు ముగియగానే ఒక ప్రెస్సులో కంపోజిటరుగా చేరి, సీసపు అక్షరాలను తలకిందులుగా, ఎడమ కుడిగా తిరగబడి ఉండగానే చదవడం నేర్చుకున్నాను. ఆ విద్య వేళ్లకు పట్టేసరికి, 1985లో పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌తో ఊపందుకున్న కంప్యూటరు కూర్పు మా ప్రెస్సు గడప కూడా తొక్కింది. సాయంత్రాలు సరదాకి నేర్చుకున్న రేడియో మరమ్మతును అప్పుడు కూటి విద్యగా మార్చుకున్నాను గాని, నాకు అబ్బింది వాల్వులనే గాజు గొట్టాలతో నడిచే పాత రేడియోల పని. ఆ వాల్వులను ఇంటికి పంపే ట్రాన్సిస్టరు 1947లోనే పుట్టిందనీ, 1954 నుంచి జేబు రేడియోగా అమ్ముడుపోతోందనీ మా గురువుగారు ఎందుకో ప్రస్తావించలేదు. ఆ తరువాత ఒక స్టూడియోలో చేరి, ఎర్ర దీపం వెలుగులో డెవలపర్ అనే రసాయనపు తొట్టిలో మునిగిన తెల్ల కాగితం మీద ముందు కనుబొమలు, తరువాత కళ్లు, ఆపైన మనిషంతా తేలి రావడం చూసి, ఈ పనికి మాత్రం చావు లేదని తీర్మానించుకున్నాను. ఫిల్ము అక్కరలేని కెమెరాను ఆ ఫిల్ము అమ్ముకునే కొడాక్ సంస్థలోనే స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు 1975లో తయారు చేసి పెట్టాడనీ, ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేదనీ నేను చాలా ఆలస్యంగా చదివాను. మధ్యలో కొన్నేళ్లు ఒక కార్యాలయంలో లెక్కలు రాశాను. ఆ కాలం గురించి జీతం తప్ప చెప్పుకోదగింది ఏమీ లేదు.

ఇప్పుడు ఆ జీతాన్ని కూడా వదులుకుని గంటల గడియారాల మరమ్మతు, పుస్తకాల బైండింగు, మాసిపోయిన ఫోటోలకు ప్రాణం పోయడం, మూగబోయిన వాల్వు రేడియోలను పలికించడం అన్నీ ఒకే గదిలో పరుచుకుని కూర్చున్నాను. విడివిడిగా ఏ ఒక్కటీ కూడు పెట్టని ఈ పనులు కలిసికట్టుగా మాత్రం పెడుతున్నాయి. గడియారం తెచ్చినవారు మరుసటిసారి తాతగారి ఫోటో తెస్తారు, ఫోటో తెచ్చినవారు ఆయన చేతిరాత డైరీని బైండింగుకు ఇస్తారు, ఆ డైరీ పట్టుకుపోవడానికి వచ్చినప్పుడు అటక మీద ఒక రేడియో కూడా ఉందని గుర్తు చేసుకుంటారు. ఇంత గొలుసుకట్టు వ్యవహారాన్ని ‘పాత వస్తువుల మరమ్మతు’ అని కుదించి గడిలో రాసి పంపితే, వీడియో తనిఖీ ఉంటుందని సందేశం వచ్చింది. సమయాన్ని వారే నిర్ణయించారు, మార్చుకునే వీలు లేదు. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు గంటలు.

గడియారాలు బాగుచేసేవాడి గదిలో పన్నెండు గంటలంటే ఏమిటో ఆ సమయం నిర్ణయించిన వారికి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తెర మీద కనిపించిన అధికారిణి చాలా మర్యాదస్థురాలు, వయసులో మా అమ్మాయి కన్నా చిన్నది. నా గుర్తింపు కార్డు తిరగబడి కనిపిస్తోందని ఆమె అన్నప్పుడు నాకు ఏ తేడా తెలియలేదు, ఎందుకంటే కంపోజిటరు కంటికి తిరగబడిన అక్షరమే సవ్యం. ముఖం మీద నీడ పడుతోంది, కాస్త వెలుతురుకు ఎదురుగా కూర్చోండి సార్ అని ఆమె సలహా ఇచ్చినప్పుడు మాత్రం, వేలమంది ముఖాలకు దీపాలు సర్దిన నా స్టూడియో జీవితాన్ని తలుచుకుని మౌనం వహించాను. అసలు పరీక్ష ఆ తరువాత మొదలైంది. తెర మీద వచ్చే ఆరు అంకెలను నిశ్శబ్ద వాతావరణంలో, ముఖం అండాకారపు గీత దాటకుండా, ఆగకుండా చదవాలి. మధ్యలో తడబడితే పాత అంకెలు పోయి కొత్తవి వస్తాయి.

నేను నోరు తెరవగానే గోడ మీది మొదటి గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

ఇక్కడ చదువరులకు ఒక సాంకేతిక విషయం విన్నవించుకోవాలి. గంటలు కొట్టే గడియారం ఒకే పెట్టెలో కాపురమున్న రెండు సంసారాల వంటిది. ముళ్లను నడిపే చక్రాలకు ఒక స్ప్రింగు, గంట కొట్టే చక్రాలకు వేరొక స్ప్రింగు ఉంటాయి, ఒకరి కష్టం ఒకరికి పట్టదు. కాబట్టి లోలకాన్ని పట్టుకుని ఆపితే ముళ్లు ఆగుతాయే గాని మొదలైన గంటలు ఆగవు. గిరాకీలకు ఈ సంగతి విసుగులేకుండా వివరించే నేనే, ఒక చేత్తో ఫోను పట్టుకుని, లేచి వెళ్లి, లోలకాన్ని పట్టుకున్నాను. గడియారం తన పన్నెండు దెబ్బలూ పూర్తి చేసుకుంది.

ఊపిరి పీల్చుకుని కొత్త అంకెలు అందుకోబోతుండగా రెండోది మొదలైంది. ఇది కౌంట్ వీల్ గడియారం. దీని లోపల అంచున గాడులున్న ఒక చక్రం ఉంటుంది, గాడికి గాడికి మధ్య దూరం ఒక్కో దెబ్బ చొప్పున పెరుగుతూ పోతుంది. అరగంటలు కొట్టని రకమైతే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి 78 దెబ్బలు, రోజుకు రెండు చుట్లకు 156 దెబ్బలు అవుతాయి. ముళ్లు ఎక్కడున్నాయో ఈ చక్రానికి తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ లేదు. కిందటిసారి ఎన్ని కొట్టానన్నదే దాని జ్ఞాపకం. ఎవరైనా తొందరపడి ముల్లును చేత్తో తిప్పేస్తే లెక్క తప్పి, పన్నెండు చూపిస్తూ ఐదు కొడుతుంది. 1676 ప్రాంతంలో వచ్చిన, ముల్లు ఉన్న చోటును బట్టే దెబ్బలు లెక్కించే ర్యాక్ పద్ధతిలో ఈ జబ్బు లేదు. ఈ గడియారానికి ఆ జబ్బు ఉంది కనుకనే అది నా దగ్గరికి వచ్చింది. దాని ఐదు దెబ్బలు ముగిశాక, ఇంకా ఏడు రావలసి ఉందన్న అలవాటు కొద్దీ నేను ఎదురుచూస్తూ ఉండిపోగా, తెర మీది అంకెలు మళ్లీ మారిపోయాయి.

“సార్, మీరు ఇప్పుడు ఏదైనా ప్రార్థనా స్థలంలో ఉన్నారా? తనిఖీ జరిగేటప్పుడు దరఖాస్తుదారు వ్యాపార స్థలంలోనే ఉండాలని నిబంధన ఉంది” అని ఆమె ఎంతో మృదువుగా గుర్తుచేసింది.

ఇది వ్యాపార స్థలమేనని నిరూపించడానికి ఫోనును గోడ వైపు తిప్పాను. అందువల్ల మూడోదీ నాలుగోదీ ఒకేసారి అందుకోవడాన్ని ఆమె వినడమే గాక కళ్లారా చూసింది. మోగే గంటను ఆపడానికి తిరుగులేని ఉపాయం సుత్తిని పట్టుకోవడం. కనుక నేను ఒకదాని సుత్తిని ఎడమచేతి చూపుడువేలితో అడ్డుకుని, పక్కదాని తలుపు తెరిచి దాని సుత్తిని మోచేతితో అదిమిపెట్టి, కుడిచేతిలోని ఫోను ముందు తలను అండాకారంలోకి తెచ్చాను. వేలి కింద సుత్తి వణుకుతూనే ఉంది. తల వంకరగా ఉంది, నిటారుగా పెట్టండి సార్ అని ఆమె అంది. నిటారుగా పెట్టే ప్రయత్నంలో నా భుజం గోడ మీది స్విచ్చుకు తగిలినట్లు అనిపించింది, కాని అప్పటికి ఏమీ జరగలేదు.

అప్పటికి ఏమీ జరగకపోవడమే వాల్వు రేడియో లక్షణం. ట్రాన్సిస్టరు రేడియో మీట నొక్కగానే అరుస్తుంది; వాల్వులోని తీగ ఎర్రగా వేడెక్కితే గాని పెద్ద రేడియో నోరు విప్పదు, దానికి ఇంచుమించు అరనిమిషం కావాలి. ఆ అరనిమిషంలో మిగిలిన రెండు గడియారాలూ తమ బాధ్యత తీర్చుకుని సద్దుమణిగాయి, గదిలో అపూర్వమైన నిశ్శబ్దం నెలకొంది, నేను కంఠం సవరించుకుని మొదటి నాలుగు అంకెలు రేడియో వార్తలు చదివినంత గంభీరంగా చదివాను. ఐదో అంకె దగ్గర నా వెనుక సన్నని గుర్రుమనే శబ్దం పుట్టి, మెల్లగా పెరిగి, నిండైన వయొలిన్ నాదంగా గదంతా పరుచుకుంది.

“ఈ సంగీతం మీదేనా సార్?” అని ఆమె అడిగింది.

ఎడమచెయ్యి ఇంకా రెండు సుత్తుల మీదే ఉన్నా, ఎన్నో ఏళ్లుగా మూగగా పడి ఉన్న ఆ పెట్టెకు కెపాసిటర్లు మార్చి మొన్ననే గొంతు తెప్పించిన గర్వం నన్ను ఆవరించింది.

“అవునమ్మా, నేనే పలికించాను” అన్నాను.

ఆమె ఏదో రాసుకుని, నమస్కారం చేసి, తెర మీద నుంచి వెళ్లిపోయింది. నేను అంకెలు పూర్తి చేశానో లేదో ఇద్దరిలో ఎవరమూ పట్టించుకోలేదు.

ఈ ఉదయం ఖాతా మంజూరైనట్లు సందేశం వచ్చింది. వృత్తి అన్నచోట ‘వాద్య కళాకారుడు’ అని ఉంది. జాబితాలో కంపోజిటరుకు, గడియారాలవాడికి, బైండరుకు లేని చోటు వాద్య కళాకారుడికి ఎక్కడ దొరికిందో నాకు ఇప్పటికీ బోధపడలేదు. సహాయ కేంద్రానికి ఫోను చేసి, అది నొక్కండి ఇది నొక్కండి అన్న ఆదేశాలన్నీ శిరసావహించి, చివరికి ఒక మనిషి గొంతు వినిపించాక విషయం చెప్పాను. వృత్తి మార్చాలంటే ఇప్పుడున్న వృత్తిని మానేసినట్లు సంబంధిత వాద్యబృందం నుంచి పత్రం తేవాలట. నేను ఏ బృందంలోనూ లేనని చెబితే, అయితే సొంతంగా వాయిస్తున్నారన్నమాట, అదే నమోదు చేస్తాను అన్నాడు. ఆపైన కాసేపు కీబోర్డు టకటకలు వినిపించాయి.

“సార్, మీ దరఖాస్తులో వాద్యం పేరు గడి ఖాళీగా ఉంది, అది నింపితే గాని ఖాతా పనిచేయదు. తనిఖీ అధికారి రాసిన వివరాల్లో గంటలు అని ఉంది, అదే ఖాయం చేయమంటారా?”