సవరణ: టీపీఎం లేదని వస్తే కంప్యూటర్ మార్చాల్సిందేనా?

విండోస్ 11కి మారేముందు చూసుకోవాల్సిన వాటి గురించి పోయిన వారం పెట్టిన పోస్టులో "టీపీఎం 2.0 లేదని చూపిస్తే ఆ కంప్యూటర్ ఇక పనికిరాదు" అని ఉంది. (టీపీఎం అంటే విండోస్ 11 తప్పనిసరిగా అడిగే ఒక సెక్యూరిటీ భాగం.) ఆ వాక్యం తీసేశాను. అది చదివి బెంగళూరు మారతహళ్లిలో ఒకాయన కొత్త మదర్‌బోర్డు కోసం కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి బయల్దేరారట. ఆగండి సార్!

చాలా కంప్యూటర్లలో టీపీఎం ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది. బయాస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి, వెళ్తే ఇంటెల్ వాటిలో పీటీటీ అనీ, ఏఎండీ వాటిలో ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది. ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి వస్తే సరి. 8వ తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లు మాత్రం, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. దానికి బయాస్‌లో మందు లేదు.

బయాస్ జోలికి పోయేముందు, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ, ఆ 48 అంకెలూ, కాగితం మీద రాసి పెట్టుకోండి. సెట్టింగ్ మారగానే కంప్యూటర్ ఆ కీ అడిగే అవకాశం ఉంది. అదే కంప్యూటర్‌లో ఫైలుగా దాచుకోవడమంటే బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేయడం. బయాస్‌లో బూట్ మోడ్ (విండోస్ మొదలయ్యే పద్ధతి) లెగసీ, అంటే పాత పద్ధతి, అని ఉంటే తొందరపడి కొత్త పద్ధతి యూఈఎఫ్‌ఐకి మార్చకండి. ముందు డిస్కును జీపీటీ అనే కొత్త తరహా అమరికకి మార్చాలి, లేకపోతే విండోస్ లేవదు.

ఇంకొకటి. 2025 అక్టోబర్ 14తో ఆగింది విండోస్ 10కి మామూలు సపోర్టు మాత్రమే, కంప్యూటర్ కాదు. కాబట్టి టెన్షన్ పడకుండా, ముందు ఫొటోలన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకుని, అప్పుడు మొదలుపెట్టండి.