మావయ్యగారు రూకీ, అత్తయ్యగారు కర్నల్

పాలకొల్లు దాటాక నరసాపురం కాలవ గట్టు మీద ఇల్లు. గోదారికి ఎర్రనీళ్ళొచ్చిన రోజులు, పొద్దుట్నుంచీ ముసురు, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తోంది కొంప. రాత్రి వండిన పులస పులుసు వంటింట్లో ఊరుతోంది, పన్నెండున్నర దాకా మూత తీసినవాడి చెయ్యి విరుగుతుందని అత్తయ్యగారి ఆర్డరు.

వసారాలో ఇద్దరు. మావయ్య వెంకట్రావుగారు తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో పుట్టినాయన, ఆర్మీలో సుబేదారుగా రిటైరయ్యారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు కాబట్టి ఆ ఊరివాళ్ళకి యుద్ధం గురించి మాట్లాడే హక్కు పుట్టుకతోనే వస్తుంది, దాన్ని వాళ్ళు వదులుకోరు కూడా. రెండోవారు అల్లుడుగారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు, వర్క్ ఫ్రమ్ హోమ్ అని వచ్చి వర్కు తప్ప అన్నీ చేస్తున్నారు. ప్రస్తుతానికి ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌కామ్, 2012లో వచ్చిన ‘ఎనిమీ అన్‌నోన్’. గ్రహాంతరవాసులు భూమ్మీదకి దిగితే నలుగురి నుంచి ఆరుగురు సైనికుల్ని పంపి, మన వంతు, వాళ్ళ వంతు అనుకుంటూ పోరాడే ఆట. మా జిల్లాలో అల్లుణ్ణి తిట్టకూడదు, మామగారిని ఎదిరించకూడదు, అంచేత కింద జరిగే కొట్లాటంతా ‘అండి’లతోనే జరుగుతుంది.

మావయ్య: ఏంటండి అల్లుడుగారూ, అంత నిట్టూర్పు? ఉద్యోగం తీసేశారా?

అల్లుడు: లేదండి. 95 శాతం తగులుతుందని చూపించి మిస్సయిందండి.

మావయ్య: ఎంత దూరం?

అల్లుడు: పక్కనేనండి. తుపాకీ గొట్టం వాడి మొహానికి ఆనుతోంది.

మావయ్య: మొహానికి ఆనించి తప్పించారా! ఆయ్, గొప్ప గురేనండి మీది. కష్టపడితేగానీ రాదు.

అల్లుడు: గురి కాదండి, లెక్క. 95 అంటే ఇరవైలో ఒకటి తప్పుతుంది. ఇరవై సార్లు కాలిస్తే ఇరవైకి ఇరవై తగిలే అవకాశం 36 శాతమేనండి.

మావయ్య: లెక్క సుబ్బరంగా ఉంది. ఆ తప్పిన తూటా ఎటు పోయిందని అడుగుతున్నాను. వాడి చెవిలోంచి దూరి అవతలికి వెళ్ళిపోయిందా?

అల్లుడు: ఆట ముందు పాచిక వేస్తుందండి. తగిలిందో లేదో తేలిపోయాక దానికి తగ్గ బొమ్మ చూపిస్తుంది. 1994లో జూలియన్ గాలప్ చేసిన అసలు ఎక్స్‌కామ్‌లో ఇలా కాదండి, ప్రతి తూటా నిజంగా ఎగిరి వెళ్ళేది. తప్పితే వెనకున్న గోడకో, పెట్రోలు బంకుకో, మనవాడి వీపుకో తగిలేది.

మావయ్య: మనవాడి వీపుకా? అయితే ఆయనెవరో యుద్ధం తెలిసినాయనే.

అల్లుడు: ఇప్పుడు రీలోడ్ చేసుకోవాలండి, తూటాలైపోయాయి.

మావయ్య: ఎవరు తెస్తారు?

అల్లుడు: ఎవరేంటండి, ఇదిగో బటన్.

మావయ్య: బటన్ సరేనండి. తూటాలెవరు మోసుకొస్తారు? ఎన్ని ఇష్యూ అయ్యాయి, ఎన్ని మిగిలాయి?

అల్లుడు: ఇందులో అయిపోవండి. రీలోడ్ చేస్తే ఒక ఎత్తు పోతుంది, అంతే. తూటాలు ఎన్నైనా ఉంటాయి.

మావయ్య: (కుర్చీ ముందుకి లాక్కున్నారు. ఇక లేవరని ఇంట్లో అందరికీ తెలుసు.) ఎన్నైనా! అల్లుడుగారూ, బోఫోర్స్ గుండు ఒక్కటి 40 కిలోల పైన ఉంటుందండి. కంచరగాడిద కొండ మీదకి మోసేది సుమారు 70 కిలోలు. పిండి, కిరసనాయిలు, బుల్లెట్ల పెట్టెలు అన్నీ దాని వీపు మీదే వెళ్ళాలి. పైనున్నవాడు ఎంతసేపు కాల్చగలడన్నది కిందనున్న గాడిద చేతిలో ఉంటుంది. మీవాళ్ళు ఎన్నైనా అంటున్నారు.

అల్లుడు: మీరు కంచరగాడిదల కంపెనీలో చేశారు కాబట్టి మీకు గాడిదలే కనపడుతున్నాయండి. కాల్చినవాళ్ళని అడిగితే వేరేగా చెప్తారేమో.

మావయ్య: (కాసేపు నిశ్శబ్దం) అవునండి, నేను కాల్చినవాణ్ణి కాదు. కాల్చినవాళ్ళకి అన్నం పెట్టినవాణ్ణి. తమరికి కూడా ఆ పనే చేస్తున్నాం కదండి, వారం నుంచీ.

అల్లుడు: అయ్యో, అలా కాదండి... ఆ 1994 ఆటైతే మీకు నచ్చేదండి. అందులో తూటాల మేగజైన్లు డబ్బు పెట్టి కొనాలి, ఎవడి సంచిలో ఎన్నో మనమే సర్దాలి. సంచి బరువు వాడి బలాన్ని మించితే నడక తగ్గిపోయేది. విమానంలో మొత్తం 80 వస్తువులకి మించి ఎక్కనిచ్చేవాడు కాదు.

మావయ్య: (కళ్ళు మెరిశాయి) 80కి మించి ఎక్కనివ్వడా? రిజిస్టరు ఉందా?

అల్లుడు: ఉందండి, స్టోరు లిస్టు. పైగా లేజర్ ఫిరంగులు తయారుచేసి బయట అమ్మి ఆ డబ్బుతో జీతాలిచ్చేవాళ్ళం. భూమిని కాపాడ్డం కన్నా ఆ వ్యాపారమే బాగా సాగేది.

మావయ్య: ఆ ఆటే పెట్టండి మరి.

అల్లుడు: ఇక్కడ లేదండి.

మావయ్య: మంచిదెప్పుడూ దగ్గరుండదు. సరే, ఆ కారు వెనక నక్కినవాడెవడు?

అల్లుడు: మనవాడేనండి. కవర్‌లో ఉన్నాడు. సగం అడ్డు ఉంటే రక్షణ 20, పూర్తి అడ్డు ఉంటే 40. వాళ్ళు పక్కకొచ్చి కొడితే మాత్రం సున్నా.

మావయ్య: పక్క నుంచి కొట్టడం వరకూ సరే, అది నిజం. కానీ కారు తలుపు రేకండి! రైఫిల్ తూటా ఇటు దూరి అటొస్తుంది. కనపడకుండా దాక్కోవడం వేరు, తూటా ఆగేచోట దాక్కోవడం వేరు, మాకు మొదట నేర్పేది అదే. దాక్కుంటే ఇంజను వెనక దాక్కోవాలి.

అల్లుడు: ఆటలో ఇంజనూ తలుపూ ఒకటేనండి. పైగా నాలుగు దెబ్బలు తగిలితే కారు అంటుకుని పేలిపోతుంది.

మావయ్య: చూశారా, అది మాత్రం మర్చిపోలేదు. ఈ తెల్లగా ఉన్నదేంటి?

అల్లుడు: స్మోక్ గ్రెనేడండి. పొగలో ఉన్నవాడికి రక్షణ ఇంకో 20 పెరుగుతుంది.

మావయ్య: మనవాడు ఆ పొగలోంచే కాలుస్తున్నాడే? పొగలో నేను వాడికి కనపడకపోతే వాడు నాకెలా కనపడతాడండి?

అల్లుడు: (తల గోక్కుంటూ) పాత ఆటలో ఇద్దరికీ కనపడేది కాదండి.

మావయ్య: నేను చెప్తూనే ఉన్నాను, ఆ ఆట పెట్టండని. ఆ ఎర్రగీత?

అల్లుడు: లేజరండి.

మావయ్య: ఆర్మీలో దూరం కొలిచే లేజర్లు చూశానండి. కంటికి ఏ గీతా కనపడదు. కనపడితే వేసినవాడు ఎక్కడున్నాడో శత్రువుకి మనమే దారి చూపించినట్టు.

అల్లుడు: గీత కనపడకపోతే ఎవడు కొంటాడండి ఆట?

(ఇది మాత్రం అల్లుడుగారు న్యాయంగా గెలిచిన పాయింటు. మావయ్యగారు దాన్ని విననట్టు చుట్ట వెతుక్కున్నారు.)

అల్లుడు: ఇప్పుడు చూడండి, మనవాణ్ణి ముందుకి పంపుతాను... అదిగో, ముగ్గురు బయటపడ్డారు. వాళ్ళు పరిగెత్తి అడ్డు వెతుక్కుంటారు, తర్వాత మనం కాలుస్తాం.

మావయ్య: ఆగండాగండి. వాళ్ళు కనపడ్డారు, మన చేతిలో తుపాకీ ఉంది, వాళ్ళు తాపీగా వెళ్ళి గోడ వెనక సర్దుకునేదాకా మనం చేతులు కట్టుకుని నిలబడతామా?

అల్లుడు: రూలండి. కనపడ్డ గుంపుకి ఒక పరుగు ఫ్రీ.

మావయ్య: శత్రువుకా ఫ్రీ! పెళ్ళివారికి మర్యాద చేసినట్టుందండి ఇది. ఇలా ఇవ్వండి ఆ మౌసు. నేనైతే ఒక్కణ్ణి కూడా పోగొట్టకుండా తీసుకొస్తాను.

అల్లుడు: ఒక్కణ్ణి కూడానా? పందెం. ఒక్కడు పోయినా ఇవాళ పులసలో గుడ్లున్న ముక్క నాది.

మావయ్య: (గొంతు తగ్గించి) నెమ్మదిగా అనండి, మీ అత్తయ్యగారు వింటుంది. సరే, పందెం.

(మావయ్యగారు మౌసు పట్టారు. ఒకడు రెండడుగులు వేసి ఆగాడు. మిగతావాళ్ళు ఓవర్‌వాచ్‌లో పెట్టి కూర్చున్నారు, అంటే ఎవడు కదిలితే వాణ్ణి కాల్చడానికి సిద్ధంగా. తర్వాత ఇంకొకడు రెండడుగులు. మళ్ళీ అందరూ ఓవర్‌వాచ్. బయట కాలవలోంచి ఒక గుర్రపుడెక్క తెప్ప వెళ్ళిపోయింది, మావయ్యగారి సెక్షన్ మాత్రం ఇంకా ఆ పెట్రోలు బంకు దాటలేదు.)

అల్లుడు: మావయ్యగారూ, నిద్రొస్తోందండి.

మావయ్య: ఇద్దరు కదలాలంటే నలుగురు కాపు కాయాలి. ఎవరు నేర్పినా అంతే.

అల్లుడు: నిజమేనండి, ఆటలోనూ అదే గెలుస్తుంది, అందరూ ఇలాగే పాకుతూ ఆడి ఆటని చప్పగా చేసేశారు. అందుకే 2016లో వచ్చిన రెండో భాగంలో చాలా మిషన్లకి టైమర్ పెట్టారు. ఇన్ని వంతుల్లో పూర్తిచెయ్యకపోతే పోయినట్టే.

మావయ్య: టైమర్ పెట్టినవాడు ఎక్కడ కూర్చున్నాడు?

అల్లుడు: అమెరికాలోనండి.

మావయ్య: మా టైమర్లు ఢిల్లీలో కూర్చునేవారు. ఎక్కడున్నా వాళ్ళ కుర్చీలు మెత్తగానే ఉంటాయి. (స్క్రీన్ దగ్గరికి వంగి) ఇదేంటండి, ఇక్కడ పేరు... వెంకట్రావా?

అల్లుడు: (టక్కున) సైనికులకి మన పేర్లు పెట్టుకోవచ్చండి. అభిమానంతో పెట్టాను.

మావయ్య: సంతోషం. పక్కన ‘రూకీ’ అని ఉందేంటి? అంటే మొన్న చేరినవాడు కదూ?

అల్లుడు: అంటే... మీరు కెప్టెన్ దాకా వెళ్ళారండి. పోయిన వారం ఒక మిషన్‌లో...

మావయ్య: ఒక మిషన్‌లో?

అల్లుడు: పోయారండి. వెంటనే కొత్తగా చేరినవాడికి మీ పేరే పెట్టాను, గౌరవంగా.

మావయ్య: ఎలా పోయాను?

అల్లుడు: ముందు నడిచారండి. ఎవరో ఒకరు ముందు నడిస్తేగానీ శత్రువులు ఎక్కడున్నారో తెలీదు కదా.

మావయ్య: నన్ను ఎర వేశారన్నమాట. ఈ ‘కర్నల్ మహాలక్ష్మి’ ఎవరు?

అల్లుడు: అత్తయ్యగారండి. హెవీ, అంటే పెద్ద ఆయుధాలు మోసే రకం. రాకెట్ లాంచర్ ఆవిడ దగ్గరే ఉంటుంది.

మావయ్య: నేను రూకీ, మీ అత్తయ్య కర్నల్. (కాసేపు ఆలోచించి) ఇందాకట్నుంచి ఇదొక్కటే మా ఇంటికి సరిపోయేలా ఉందండి. ఎప్పుడూ పోలేదా ఆవిడ?

అల్లుడు: ఒక్కసారి పోయారండి. వెంటనే సేవ్ లోడ్ చేశాను, అంటే ముందు దాచిపెట్టుకున్న చోటికి వెనక్కెళ్ళి మళ్ళీ ఆడాను. భయమేసింది.

మావయ్య: నన్ను మాత్రం లోడ్ చెయ్యలేదు! అయినా ఈ లోడ్ చెయ్యడమేంటండి? మాధవరంలో పోయినవాళ్ళకి స్తూపం ఉంది. ఎవర్నీ లోడ్ చెయ్యలేదు.

అల్లుడు: ఐరన్‌మ్యాన్ అని ఇంకో పద్ధతుందండి, అందులో వెనక్కి వెళ్ళడం కుదరదు. మామూలు ఆటలోనైనా లోడ్ చేస్తే పెద్దగా లాభం లేదు. ఆటకి పాత పాచికలు గుర్తుంటాయి, అదే పని అలాగే చేస్తే అదే ఫలితం వస్తుంది.

మావయ్య: మంచిపని చేశారు. అదిగో, ఆ గోడ వెనక ఇద్దరున్నారు. మీ అత్తయ్యని రాకెట్ వెయ్యమంటాను, గోడతో సహా లేచిపోతారు.

అల్లుడు: వెయ్యాలంటే ఆవిడ ఈ వంతులో కదిలి ఉండకూడదండి.

మావయ్య: ఆవిడ కదల్లేదు, మనల్నే కదిలించింది. గురి ఎంత?

అల్లుడు: రాకెట్‌కి 90 శాతమండి. పదిసార్లలో ఒకసారి పక్కకి పోతుంది. మీ వెంకట్రావు ఆ గోడ పక్కనే ఉన్నాడు, వెనక్కి లాగండి ముందు.

మావయ్య: అక్కర్లేదు. ఇన్నేళ్ళ కాపురం, నా మీదకి రాదు. కానీయండి!

(రాకెట్ బయల్దేరింది. గోడ దాకా తిన్నగా వెళ్ళి, చివర్లో మనసు మార్చుకున్నట్టు ఎడమకి తిరిగింది. పొగ తేరుకున్నాక గోడ ఉంది, గోడ వెనక ఇద్దరూ ఉన్నారు. వెంకట్రావు లేడు.)

అత్తయ్య: (వంటింట్లోంచి) ఏంటండీ ఆ కేకలు?

మావయ్య: ఏం లేదే. నువ్వు నన్ను చంపేశావు.

అత్తయ్య: పన్నెండున్నరకి ఇంకా అరగంటుంది. అప్పటిదాకా నోరు మూసుకు కూర్చోండి.

అల్లుడు: గుడ్లున్న ముక్క...

మావయ్య: (చుట్టూ చూసి, గుసగుసగా) అల్లుడుగారూ, ఆ లోడ్ అనేది ఎక్కడుందండి?

అల్లుడు: స్తూపం అన్నారు కదండి ఇందాక?

మావయ్య: స్తూపానిది వేరు, పులసది వేరు. నొక్కండి త్వరగా.

(లోడ్ అయింది. మావయ్యగారు చేతులు తుడుచుకుని, అదే కర్నల్‌తో, అదే గోడ మీదకి, మళ్ళీ రాకెట్ వేయించారు. రాకెట్ గోడ దాకా తిన్నగా వెళ్ళి ఎడమకి తిరిగింది.)

అల్లుడు: ఇంకోసారి లోడ్ చెయ్యనా అండి?

మావయ్య: వద్దులెండి. ఆవిడ గురి మారదు.