ఆఖరి ఏడాది దాకా అడవి ఆగాలా?

ఒక చెట్టు దగ్గరికి ఇద్దరు విద్యార్థులను పంపి, మాను ఎంత లావుందో కొలుచుకు రమ్మనండి. ఇద్దరూ ఒకే అంకెతో తిరిగి రారు. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున, అంటే ఇంచుమించు ఛాతీ మట్టంలో కొలవాలన్నది అడవుల లెక్కల్లో వాడుకలో ఉన్న పద్ధతి. చెట్టు ఏటవాలు నేల మీద ఉంటే ఎగువ పక్కన నిలబడి ఆ ఎత్తు చూసుకోవాలి. ఒకరు దిగువ పక్కన నిలబడ్డారు, కాబట్టి టేపు మొదలుకు దగ్గరగా, లావు ఎక్కువున్న చోట పడింది. రెండోవారి టేపు చెట్టు వెనక జారి వాలుగా చుట్టుకుంది. రెండు అంకెలూ అసలుకు మించినవే, అయినా ఒకదానితో ఒకటి కలవవు. మరి నోట్‌బుక్కులో ఏది రాయాలి అని ఇద్దరూ మొహమొహాలు చూసుకుంటారు. స్టాటిస్టిక్స్ పాఠం మొదలు కావాల్సింది సరిగ్గా అక్కడ.

సహజ వనరుల నిర్వహణలో డిగ్రీ చేసే చాలామందికి ఆ చెట్టు మూడో ఏడాదికి గానీ కనిపించదు. మొదటి ఏడాదంతా రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, గణితం. రెండో ఏడాది ఎకాలజీ, నేలలు, కాస్త ఆర్థికశాస్త్రం. ఆ తర్వాత ఎప్పుడో కొద్దిరోజుల ఫీల్డ్ క్యాంపు, ఆఖరి సెమిస్టర్‌లో ఒక ప్రాజెక్టు. ఏ సబ్జెక్టు ఉంచాలి, ఏది తీసేయాలి అని కమిటీల్లో గంటల తరబడి వాదించుకుంటారు. ఏది ముందు, ఏది వెనక అన్న సంగతి మాత్రం టైమ్‌టేబుల్ వేసేవారికి వదిలేస్తారు. మా దృష్టిలో అసలు తేల్చుకోవాల్సింది అదే. ఇప్పుడున్న సబ్జెక్టుల్లో ఒక్కటి కూడా మార్చకుండా, వాటి వరుస మారిస్తే చాలు, ఈ డిగ్రీ వేరే డిగ్రీ అవుతుంది.

ఈ చదువుకు పుట్టుకతోనే ఒక చిక్కుంది. ఇది ఒక శాస్త్రం కాదు, ఒక పని. అడవినో, చెరువునో, గడ్డిభూమినో, చేపల వేట సాగే తీరాన్నో చెడగొట్టకుండా వాడుకోవడం ఆ పని. దానికోసం తలా ఒక శాఖ తలా ఒక పేపర్ పంచి ఇస్తుంది. వృక్షశాస్త్రం వాళ్లు తమ విద్యార్థులకు చెప్పే పాఠాన్నే ఇక్కడా చెప్పి వెళ్లిపోతారు. భూగర్భశాస్త్రం వాళ్లూ అంతే. ఎవరి పాఠం వారిది, చివరికి చేతికొచ్చేది కలగూరగంప. ముక్కలన్నీ కలిపి కుట్టే బాధ్యత పద్దెనిమిదేళ్ల పిల్లల మీద పడుతుంది.

ఇలా విడివిడిగా ఆలోచిస్తే ఏమవుతుందో జర్మనీ అడవులు ఎప్పుడో చూపించాయి. సాక్సనీలో వెండి గనుల కొలిమిలకు కట్టెలు కరవవుతున్న రోజుల్లో, పెరిగినంత మేరకే నరకాలి, నరికిన చోట మళ్లీ నాటాలి అని 1713లో రాసినవాడు హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్. ఆయన గనుల శాఖ అధికారి. మాట బంగారం లాంటిదే. ఆ తర్వాతి తరాల వారు దాన్ని లెక్కల్లోకి దించి, ఒకే వయసు స్ప్రూస్ చెట్లను వరుసలుగా నాటుకుంటూ పోయారు. మొదటి కోత బ్రహ్మాండంగా వచ్చింది. రెండో కోతకు వచ్చేసరికి చాలాచోట్ల నేల సత్తువ తగ్గి దిగుబడి పడిపోయింది. లెక్కలో తప్పు లేదు, ఆ లెక్కలో మట్టి లేదు. ఒక చెట్టు కొలిమికి చేరడానికి పట్టేది దశాబ్దాలు కాబట్టి తప్పు తెలిసేసరికి తప్పు చేసినవాళ్లు రిటైరై వెళ్లిపోయి ఉంటారు!

విద్యార్థి వైపు నుంచి చూస్తే, సీటు వచ్చిన వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. ఆఖరి ఏడాది కోర్సుల జాబితా ముందు పెట్టుకుని వెనక్కి నడవడం. చివర్లో వాటర్‌షెడ్ ప్లానింగ్, అంటే ఒక వాగులోకి నీరు చేరే ప్రాంతమంతటికీ వేసే ప్రణాళిక, చదవాలనుకుంటే దానికి ముందు నీటి కదలికల శాస్త్రమైన హైడ్రాలజీ ఉండాలి. హైడ్రాలజీకి భౌతికశాస్త్రం, గణితం కావాలి. నేలల కోర్సుకు రసాయనశాస్త్రం కావాలి. పైస్థాయి కోర్సులు చాలావరకు ఏడాదికి ఒక్కసారే నడుస్తాయి. అందుకే మొదటి సెమిస్టర్‌లో రసాయనశాస్త్రం పోతే పోయింది ఒక పేపర్ అనుకోవడానికి లేదు, వెనకున్న గొలుసంతా ఏడాది ఆలస్యమవుతుంది. ఈ టెన్షన్ మూడో ఏడాదిలో మొదలై లాభం లేదు.

ఎలెక్టివ్‌ల సంగతి ఇంకా అన్యాయం. ఫ్రెండ్స్ తీసుకున్నారనో, పొద్దున్నే క్లాసు ఉండదనో ఎంచుకునేవారే ఎక్కువ. ఎంచుకునే ముందు చేయబోయే ఉద్యోగం నోటిఫికేషన్ ఒకసారి చదివితే చాలు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో వన్యప్రాణి జీవశాస్త్రవేత్త కొలువుకు డిగ్రీ మార్గంలో వచ్చేవారు వన్యప్రాణి సబ్జెక్టుల్లో కనీసం 9, జంతుశాస్త్రంలో 12, వృక్షశాస్త్రం తరహా సబ్జెక్టుల్లో 9 సెమిస్టర్ గంటలు (అక్కడి క్రెడిట్ల లెక్క) చదివి ఉండాలి. డిగ్రీ పట్టా మీద ఏ పేరున్నా ఆ లెక్క కుదరకపోతే దరఖాస్తు పక్కకు పోతుంది. చాలామందికి ఇది తెలిసేది పట్టా చేతికొచ్చాకే. సలహా ఇచ్చే అధ్యాపకులు మొదటి సెమిస్టర్‌లోనే ఈ మాట చెప్పాలి.

ఇక స్టాటిస్టిక్స్. దాన్ని సంచిలో ఎర్ర బంతులు, నల్ల బంతులతో ఎందుకు మొదలుపెడతారో మాకు ఎప్పటికీ అర్థం కాదు. ఈ విద్యార్థుల కోసం సముద్రమంత ఉదాహరణ ఉండగా బంతులెందుకు? కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేప శతాబ్దాల పాటు తరగని నిధిలా కనిపించింది. ఎంత చేప మిగిలి ఉందో అంచనా వేయడానికి, వల ఈడ్చుకుంటూ వేటాడే పెద్ద ఓడలైన ట్రాలర్లకు ఎంతసేపటికి ఎంత పడుతోందన్న అంకె మీద అధికారులు బాగా ఆధారపడ్డారు. కాడ్ తగ్గేకొద్దీ మిగిలిన చేపలు కొన్ని చోట్లకు చేరి గుంపుకట్టాయి. ట్రాలర్లు పరికరాలతో ఆ గుంపులను వెతికి పట్టాయి. దాంతో అంకె బాగానే కనిపించింది, సముద్రం మాత్రం ఖాళీ అవుతూ వచ్చింది. తీరం దగ్గర చిన్న పడవల్లో వేటాడేవాళ్లు చేప తగ్గుతోందని, సైజు చిన్నదవుతోందని మొత్తుకున్నా వారి మాటకు పట్టికలో గడి లేదు. 1992 జులై 2న వేట ఆపేశారు. 30,000 మందికి పైగా పని పోయింది. రెండేళ్లే అని మొదలైన ఆ నిషేధాన్ని ఎత్తేసింది 2024లో.

శాంపిల్ ఎక్కడి నుంచి తీశారు అన్న ఒక్క ప్రశ్న ఎంత ఖరీదైనదో ఇంతకంటే బాగా చెప్పే పాఠం మరొకటి దొరకదు. స్టాటిస్టిక్స్‌ను, ఫీల్డ్‌లో కొలిచే పద్ధతులను ఒకే సెమిస్టర్‌లో, వీలైతే ఒకే నోట్‌బుక్కుతో నడపాలి. మొన్న తెచ్చిన అంకెలనే ఇవాళ క్లాసులో లెక్కగడితే ఆ సబ్జెక్టు అంటే ఉన్న భయం సగం పోతుంది.

మట్టి కూడా అంతే. గుప్పెడు మట్టిని తడిపి ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీయాలి. 2.5 సెంటీమీటర్ల లోపే తెగిపోతే బంకమన్ను పాలు తక్కువ. 5 సెంటీమీటర్లు దాటినా సాగుతుంటే అది బంకమట్టి. వేళ్ల మధ్య గరగరలాడితే ఇసుక, పిండిలా మెత్తగా జారితే ఒండ్రు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, కాసిని నీళ్లు చాలు. చేతికి ఇది పట్టుబడిన విద్యార్థికి, వాన నీరు ఎక్కడ ఇంకుతుందో ఎక్కడ పారిపోతుందో చెప్పే సమీకరణం తర్వాతి ఏడాది తెలిసిన ముఖంలా ఉంటుంది. సమీకరణం ముందు, మట్టి తర్వాత అయితే రెండూ పరీక్షతోనే పోతాయి.

జీఐఎస్, అంటే కంప్యూటర్ మీద మ్యాపులు గీసి విశ్లేషించే పద్ధతి, విషయంలో మాత్రం తొందర వేరే దిక్కుకు పోతోంది. ఉద్యోగాలు దానికే ఉన్నాయని తొలి సెమిస్టర్‌లోనే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాలనేవారున్నారు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని ఫొటోలు తీస్తున్నాయి. 2008 నుంచి వాటిని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. గొప్ప సంపద, సందేహం లేదు. కానీ ఎక్కువగా వాడే ల్యాండ్‌శాట్ బొమ్మల్లో ఒక్కో గడి నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. పచ్చగా కనిపించే గడిలో ఉన్నది పాత అడవా, నిన్న మొన్న వేసిన ఒకే జాతి తోటా అన్నది అక్కడ ఒకసారి నడిచినవాళ్లకు తట్టినంత త్వరగా మిగతావాళ్లకు తట్టదు. ముందు ఒక ఏడాది నడవనివ్వండి, రెండో ఏడాది మ్యాపులు గీస్తారు.

మనుషుల గురించిన పేపర్లను ఆఖర్లో పెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. చట్టం, విధానం, గ్రామాలతో మాట్లాడే పద్ధతి, ఇవన్నీ శాస్త్రం చదవడం అయిపోయాక అద్దే రంగులా కనిపిస్తున్నాయి. మేత బీడు అందరిదీ అయితే ప్రతి ఒక్కరూ ఇంకో ఆవును తోలుతారు, చివరికి గడ్డి మిగలదు అని 1968లో అమెరికా జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ వాదించారు. ఆ వాదన ఇప్పటికీ తొలి ఏళ్ల పాఠాల్లోనే ఉంటోంది. దానికి ఎలినార్ ఆస్ట్రోమ్ ఇచ్చిన జవాబు మాత్రం, చెబితే గిబితే, ఆఖరి ఏడాదిలో వస్తోంది. ఆమె ఆర్థికవేత్త కాదు, చదివింది రాజనీతి శాస్త్రం. ఉమ్మడి వనరులను జనం తమంతట తాము కట్టుబాట్లు పెట్టుకుని ఎలా కాపాడుకుంటారో చూపినందుకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఆమె చెప్పిన ఉదాహరణల్లో స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే గ్రామం ఒకటి. చలికాలమంతా ఇంటి దగ్గర ఎన్ని ఆవులను మేపగలరో అన్నిటినే వేసవిలో కొండ మీది ఉమ్మడి మేతకు తోలాలని 1517లోనే అక్కడ కట్టుబాటు రాసుకున్నారు. హద్దు దాటినవారికి జరిమానా. వసూలు చేసే అధికారికి అందులో సగం వాటా! ఈ ఒక్క కట్టుబాటులో ఎకాలజీ ఉంది, చట్టం ఉంది, మనిషి స్వభావం ఉంది. మొదటి సెమిస్టర్ విద్యార్థుల ముందు ఇది పెట్టి, ఆవులను ఎవరు లెక్కపెడతారు, పొరుగువారి ఆవులను అరువు తెచ్చుకుని చూపిస్తే ఏం చేస్తారు అని అడిగి చూడండి. గంట గడిచినట్టే తెలియదు.

వీటన్నిటికీ ఖర్చవుతుందని, పిల్లలను బయటికి తీసుకెళ్తే బాధ్యత ఎవరిదని కాలేజీలు అడుగుతాయి. న్యాయమైన ప్రశ్నే. ఫీల్డ్ అంటే కొండలెక్కడమే కానక్కర్లేదు. క్యాంపస్ వెనక మురుగు కాలువ పారే చోటు, పక్కనున్న కుంట, రోడ్డు పక్క చెట్ల వరుస కూడా ఫీల్డే. నడవలేని విద్యార్థికీ అక్కడ పని ఉంటుంది. సెలవుల్లో పెట్టే ఖరీదైన క్యాంపు కంటే ఇదే నయం, ఎందుకంటే సెలవుల్లో ఏదో పని చేసుకుంటేనే ఫీజు కట్టగలిగే విద్యార్థులు ఆ క్యాంపుకు రాలేరు. ఈ డిగ్రీకి మొదటి ఫెయిల్యూర్లు పుట్టేది అలాగే.

అసలు అడ్డు డబ్బు కాదు, టైమ్‌టేబుల్. రెండు గంటల ప్రాక్టికల్‌లో బస్సు ఎక్కి దిగడానికే సగం పోతుంది, టేపు బయటికి తీసేలోపు వెనక్కి రమ్మని కేక. 1898లో బిల్ట్‌మోర్‌లో అమెరికా తొలి ఫారెస్ట్రీ బడి పెట్టిన కార్ల్ షెంక్ ఉదయం తరగతి చెప్పి మధ్యాహ్నం విద్యార్థులను అడవిలోకి తీసుకెళ్లేవారు. ఇన్ని శాఖలున్న ఇవాళ్టి కాలేజీలో రోజూ అలా కుదరదు. వారంలో ఒక రోజు కుదురుతుంది. మొదటి సెమిస్టర్ నుంచి ఆఖరు సెమిస్టర్ దాకా ఆ రోజు గడులన్నీ ఖాళీగా ఉంచాలి. ఏ శాఖా ఆ రోజు క్లాసు పెట్టకూడదు, పరీక్ష పెట్టకూడదు. వచ్చే ఏడాది సిలబస్ మీద కూర్చునే కమిటీలు సబ్జెక్టుల జాబితా తెరవకముందు ఆ ఒక్క రోజును తేల్చాలని కోరుతున్నాం.