క్రెటా కాని కారు కొనేముందు హెడ్‌లైట్ సంగతి అడగండి

తిరుపతిలో పదిహేను, ఇరవై లక్షల మధ్య కారు చూస్తున్నామని ఎవరితో అన్నా ముందు వచ్చే మాట క్రెటా. ఆ తర్వాత సెల్టోస్. మైలేజీ లెక్క చూసుకునేవాళ్లయితే గ్రాండ్ విటారా. వీటిని దాటి ఇంకో పేరు ఎత్తితే చాలు, "అదెందుకు నాయనా, రేపు అమ్మబోతే ఎవరు కొంటారు?" అంటారు పెద్దలు. వాళ్లు మన మేలు కోరే అంటారు, అనుమానం లేదు. కానీ ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి తిరగబోయే బండిని, దాన్ని చివర్లో ఎవరో కొంటారా లేదా అన్న ఒక్క లెక్క మీద ఎంచుకోవడం సరికాదు. అసలు అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఎన్నేళ్లు ఉంచుకుంటాం? మన ఊరి నుంచి వర్క్‌షాప్ ఎంత దూరం?

అందరూ కొనే కారులో మంచి లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. క్రెటా 2015లో వచ్చింది. అప్పటి నుంచి దాన్ని విప్పి బిగించని మెకానిక్ మన జిల్లాల్లో అరుదు. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు పలమనేరులో అడిగినా దొరుకుతాయి. ఈ తరగతిలో డీజిల్ ఇంజన్ ఇంకా ఇస్తున్న కొద్ది కార్లలో క్రెటా, సెల్టోస్ ఉన్నాయి. నెలకు రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అది చిన్న విషయం కాదు. పది మంది కొన్న బండిని కొంటే, ఆ పది మందికి ఎదురైన ఇబ్బందులు మనకు ముందే తెలిసిపోతాయి. ఇవన్నీ నిజమైన లాభాలు.

అయితే మనవాళ్లు ఇంకో మాట కూడా కలుపుతారు: "క్రెటా పక్కనే శ్రీపెరుంబుదూరులో తయారవుతుంది, సెల్టోస్ పెనుకొండలో తయారవుతుంది, అందుకే స్పేర్లకు ఇబ్బంది లేదు." ఇది పొరపాటు. సిట్రోయెన్ కార్లు తయారయ్యే తిరువళ్లూరు నగరి నుంచి ఎంతో దూరం లేదు. ఇసుజు కంపెనీ తన పికప్‌లను 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారుచేస్తోంది, దాని పెద్ద ఎస్‌యూవీ కూడా అక్కడిదే. తిరుపతి రోడ్ల మీద నిలబడి క్రెటాలతో పోల్చి లెక్కపెట్టండి, ఆ రెండు కంపెనీల బండ్లు ఎన్ని కనిపిస్తాయో తెలుస్తుంది. ఫ్యాక్టరీ పక్కన ఉన్నంత మాత్రాన స్పేర్ మన ఊరికి రాదు. కంపెనీకి ఇక్కడ ఎన్ని బండ్లు ఉన్నాయి, డీలర్ ఎంత సరుకు తెచ్చి పెట్టుకుంటాడు అన్నదాన్ని బట్టి వస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కారు అరుదుగా కనిపించడం వేరు, దాని భాగాలు అరుదు కావడం వేరు. స్కోడా కుశాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్ మన వీధుల్లో తక్కువే. కానీ ఈ రెండింటికీ, స్లావియా, వర్టస్ సెడాన్లకూ ఇంజన్లు, గేర్‌బాక్సులు, కింది భాగమంతా ఒకటే. నాలుగూ పుణె పక్కన చాకన్‌లో తయారవుతాయి. హోండా ఎలివేట్ మన దగ్గర పెద్దగా కనిపించకపోయినా దాని 1.5 పెట్రోల్ ఇంజన్ హోండా సిటీ కారులో ఉన్నదే, ఆ ఇంజన్ తెలిసిన చేతులు చాలా ఉన్నాయి. టొయోటా హైరైడర్, గ్రాండ్ విటారా ఒకే ఫ్యాక్టరీలో, బెంగళూరు దగ్గరి బిడదిలో తయారయ్యే కవలలు. కాబట్టి ఇలాంటి కార్లలో ఇంజన్ గురించి అంత భయపడనక్కర్లేదు. భయమంటూ ఉంటే బాడీ గురించి ఉండాలి. బంపర్, ఫెండర్, అద్దాలు, అన్నిటికంటే ముఖ్యంగా హెడ్‌లైట్లు ఏ మోడల్‌కు ఆ మోడల్ విడిగా ఉంటాయి.

మా బంధువుల్లో ఒకాయన అంతగా అమ్ముడుపోని కంపెనీ కారొకటి కొన్నారు. నడపడానికి ఎంతో బాగుందని ఇప్పటికీ అంటారు. భాకరాపేట ఘాట్‌లో దిగుతుండగా ముందు పోతున్న లగేజీ ఆటో ఉన్నట్టుండి ఆగింది. మనుషులకు ఏమీ కాలేదు. ఎడమ వైపు బంపర్ మూల, హెడ్‌లైట్ పగిలాయి. బంపర్ వారంలో వచ్చింది. లైటు రాలేదు. ఇప్పటి ఎల్ఈడీ హెడ్‌లైట్‌లో బల్బు ఒక్కటే మార్చేది కాదు, డీఆర్ఎల్ (పగలు కూడా వెలిగే లైటు), కంట్రోల్ యూనిట్ అన్నీ కలిపి చాలావరకు ఒకే ముక్క. కంపెనీ నుంచి రావాలన్నారు, రేపు మాపు అన్నారు, నెల దాటింది. ఆయన ఎప్పుడూ వెళ్లే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, "ఇంజన్ పనైతే నేను చూసేస్తా అన్నా, ఈ లైటు నేను యాడ్నుంచి తెచ్చేది?" అన్నాడు. ఇన్సూరెన్స్ జీరో డెప్ (పాతబడిన లెక్కన తరుగు కోయనిది) తీసుకున్నారు కాబట్టి డబ్బు వచ్చింది. కానీ ఆ నెలంతా డయాలసిస్ కోసం వాళ్ల నాన్నగారిని చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి అద్దె కారులో తీసుకెళ్లాల్సి వచ్చింది. ఇన్సూరెన్స్ ఖర్చు ఇస్తుంది, పోయిన రోజులను ఇవ్వదు.

అందుకే అంతగా అమ్ముడుపోని కారు చూస్తున్నవాళ్లు షోరూమ్‌లో డిస్కౌంట్ అడగడానికి ముందే సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి. స్పేర్స్ కౌంటర్ దగ్గర మూడింటి సంగతి అడగాలి: ముందు హెడ్‌లైట్, ముందు అద్దం, ఎడమ డోర్. ధర ఎంత, ఇప్పుడు స్టాకులో ఉందా, లేకపోతే గతంలో తెప్పించినప్పుడు ఎన్ని రోజులకు వచ్చింది? కౌంటర్ మనిషి తడుముకోకుండా చెబితే ఒక ధైర్యం. "ఆర్డర్ పెడితే వస్తుంది సార్" అని మాట దాటేస్తే ఆ మాటను బరువుగానే తీసుకోవాలి.

ఇక ఘాట్ సంగతి. తిరుపతివాళ్లకు ఇది పక్కన పెట్టలేని విషయం. కొండకు ఎక్కేది రెండో ఘాట్, దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్. ఐదుగురు కూర్చుని, డిక్కీ నిండా సామాను పెట్టి, ఏసీ వేసుకుని ఎక్కుతుంటే కాగితం మీది హార్స్‌పవర్ అంకె పెద్దగా పనికిరాదు. చూడాల్సింది టార్క్, అంటే ఇంజన్ లాగే బలం, అదీ ఎంత తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజన్ తిరిగే వేగంలో) వస్తుందన్నది. క్రెటా మామూలు 1.5 పెట్రోల్, కుశాక్ 1.0 టర్బో పెట్రోల్ రెండూ సుమారు 115 హార్స్‌పవర్ ఇంజన్లే. కానీ మొదటిదాని టార్క్ 144 ఎన్ఎం, అది పూర్తిగా అందేది 4500 ఆర్‌పీఎం దగ్గర. రెండోదాని టార్క్ 178 ఎన్ఎం, 1750 దగ్గరే వచ్చేస్తుంది. మలుపు తిరిగి మళ్లీ వేగం అందుకునేటప్పుడు ఈ తేడా కాలి కిందే తెలుస్తుంది. మొదటిది గొంతు చించుకుంటుంది, రెండోది ఊరికే లాక్కుపోతుంది. ఎలివేట్ కూడా మొదటి కోవలోదే, 145 ఎన్ఎం, 4300 దగ్గర. ఊళ్లో నడపడానికి అది హాయైన ఇంజన్, కొండ మీద మాత్రం గేర్లు మార్చుకుంటూ ఉండాలి.

ఆటోమేటిక్ కొనేవాళ్లు ఇంకోటి చూడాలి. సెలవు రోజుల్లో అలిపిరి చెక్‌పోస్ట్ ముందు బండ్లు అంగుళం అంగుళం కదులుతాయి. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సులో నిజమైన క్లచ్ ప్లేట్లుంటాయి, ఇలా పాకుతూ పోతే అవి వేడెక్కుతాయి. క్లచ్ ప్లేట్లకు బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఈ తంటాను బాగా తట్టుకుంటుంది. క్రెటా టర్బోలో డీసీటీ వస్తుంది, టైగున్ 1.5లో డీఎస్‌జీ వస్తుంది, రెండూ డ్యూయల్ క్లచ్‌లే. అంటే ఈ విషయంలో పాపులర్ కారుకు ప్రత్యేక రక్షణేమీ లేదు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగకుండా రెండో గేర్లో దిగడం మనకు డ్రైవింగ్ నేర్పినవాళ్లు చెప్పిందే. ఆటోమేటిక్‌లో అదెలా చేయాలో టెస్ట్ డ్రైవ్‌లోనే అడిగి నేర్చుకోవాలి. హైబ్రిడ్‌లో దానికి ‘బీ’ అని వేరే స్థానం ఉంటుంది.

భద్రత గురించి మనవాళ్లు ఇప్పుడు బాగానే అడుగుతున్నారు, మంచిదే. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ జరిపిన క్రాష్ పరీక్షలో అప్పటి క్రెటాకు 3 స్టార్లు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో కుశాక్, టైగున్ కొత్త కఠిన నిబంధనల కింద పెద్దలకు, పిల్లలకు రెండింటిలోనూ 5 స్టార్లు తెచ్చుకున్నాయి. ఆ తర్వాత క్రెటా మారింది, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ వస్తున్నాయి. అయినా చెప్పొచ్చేదేమంటే, ఎక్కువ అమ్ముడుపోతోంది కాబట్టి ఎక్కువ గట్టిదని అనుకోవద్దు. 2023 డిసెంబరు నుంచి మన దేశపు క్రాష్ పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ ఫలితాలు వస్తున్నాయి. పిల్లలున్నవాళ్లు తాము కొనబోయే ఆ తరం మోడల్ ఫలితం చూసి తీరాలి.

సెడాన్ల గురించీ ఒక మాట. అందరూ ఎస్‌యూవీల వెంట పడటంతో ఇవి ఇప్పుడు తక్కువ మంది కొనే కార్లు అయిపోయాయి. వెర్నా డిక్కీ 528 లీటర్లు, స్లావియా 521, సిటీ 506. క్రెటాది 433. పెళ్లిళ్లకు, నెల సరుకులకు, హాస్టల్‌కు పిల్లల పెట్టెలు తీసుకెళ్లడానికి ఆ తేడా బాగా పనికొస్తుంది. చిత్తూరు నుంచి పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరుకు తరచూ తిరిగేవాళ్లకు సెడాన్ నిలకడగా పోతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ, తాతయ్య ఇంట్లో ఉంటే మాత్రం ఎత్తైన సీటుదే పైచేయి, అక్కడ వాదన అనవసరం.

రీసేల్ లెక్క కూడా ఒకసారి కాగితం మీద వేద్దాం. అంకెలు ఉదాహరణకే. పదిహేను లక్షల కారు ఐదేళ్లకు ఒకటి ఎనిమిది లక్షలకు, తక్కువ మంది కొనేది ఆరున్నరకు పోయిందనుకుందాం. తేడా లక్షన్నర. రెండో కారును కొన్నప్పుడే లక్ష తగ్గింపు వచ్చి ఉంటే అసలు నష్టం యాభై వేలు, అంటే ఏడాదికి పదివేలు. పదేళ్లు ఉంచుకుంటే రెండు కార్ల ధరలూ కిందికి వచ్చేస్తాయి, తేడా ఇంకా తగ్గుతుంది. మూడు నాలుగేళ్లకోసారి బండి మార్చేవాళ్లకు మాత్రం ఈ తేడా గట్టిగానే తగులుతుంది, వాళ్లు క్రెటానే కొనాలి. ఇదే లెక్కను తిప్పి చూస్తే, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు తక్కువ మంది కోరే కారే లాభం. బెంగళూరు నుంచో చెన్నై నుంచో తెచ్చుకుంటే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకోవాలి, అంతే.

కంపెనీయే వెళ్లిపోతే? ఈ భయం ఊరికే పుట్టలేదు. షెవర్లే 2017 చివరికి అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. రెండూ స్పేర్లు, సర్వీస్ కొనసాగిస్తామనే చెప్పాయి. కాబట్టి తక్కువ అమ్ముడయ్యే మోడల్‌ను, కంపెనీ మొత్తంగానే తక్కువ అమ్మే పరిస్థితిని ఒక్కటిగా చూడొద్దు. ఎలివేట్ తక్కువ అమ్ముడైనా హోండా ఈ దేశంలో సిటీ కారును 1998 నుంచి అమ్ముతోంది. కొత్తగా వచ్చిన కంపెనీ, ఒకటి రెండు మోడళ్ల మీదే నడుస్తున్నదైతే నేను ఇంకో ఏడాది ఆగుతాను.

నా మటుకు నేను చెప్పేది ఇది. కుప్పంలోనో సత్యవేడులోనో ఉండి ఇంట్లో ఒక్కటే కారున్నవాళ్లు, ఆసుపత్రి అవసరాలకు దాని మీదే ఆధారపడ్డవాళ్లు అందరూ కొనే కారే కొనండి, వేరే ఆలోచన వద్దు. తిరుపతి టౌనులో ఉండి, ఆ కంపెనీ వర్క్‌షాప్ అందుబాటులో ఉండి, బండిని ఎనిమిది పదేళ్లు ఉంచుకునేవాళ్లయితే రీసేల్ టెన్షన్ పక్కన పెట్టి కుశాక్, వర్టస్, ఎలివేట్ లాంటివి నడిపి చూడండి. నడిపేది రేణిగుంట రోడ్డులో ఒక రౌండు కాదు. అడిగితే చాలామంది డీలర్లు ఎక్కువసేపే బండి ఇస్తారు, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని ఒకసారి కొండకు వెళ్లి రండి.