సవరణ: వానరోజు సెలవు, హెల్ప్‌లైన్ నంబర్లు

మొన్న వానకి మా కాలేజీ సెలవిచ్చి ఎవరికీ చెప్పలేదని, బైరాగిపట్టెడ నుంచి తడుచుకుంటూ వెళ్లి గేటు దగ్గర వెనక్కి తిరిగామని పాత పోస్టులో రాశాను. తిరిగిన మాట నిజమే. "ఎవరికీ" అన్నదే తప్పు. ముందురోజు రాత్రే హాస్టల్ బోర్డుకి కాగితం అంటించారు. వార్డెన్ గారు ఫోటో చూపించారు: చేతిరాత, కింద సీలు, ఒక మూల గాలికి లేచిపోయి ఉంది. క్లాసు వాట్సాప్ గ్రూపులకూ పంపారట. మా డేస్కాలర్ల గ్రూపుకే రాలేదు, దాని అడ్మిన్ పోయినేడే పాసై వెళ్లిపోయాడు మరి! బయటినుంచి వచ్చేవాళ్లకి ఎస్సెమ్మెస్ ఇవ్వాలన్న నా గొడవ మాత్రం అలాగే ఉంది.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి. ర్యాగింగ్ జరిగితే 14416కి చేయమన్నాను. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు. పరీక్షల టెన్షన్, నిద్ర పట్టకపోవడం, మనసు బాగోలేకపోవడం, ఇలాంటివాటికి రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. ర్యాగింగ్‌కి యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) హెల్ప్‌లైన్ వేరే ఉంది: 1800-180-5522.

మన ఫిర్యాదు తేల్చడానికి కాలేజీ ఫిర్యాదుల కమిటీకి నెల గడువని కూడా రాశాను. 2023 యూజీసీ నిబంధనల్లో ఉన్నది 15 పనిదినాలు. ఆ నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కి (కమిటీ పైన అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు.

పాత పోస్టు స్క్రీన్‌షాట్ ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇదీ పంపండి.