బయాస్ ప్రీసెట్ జోలికి పోకండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. "పాత స్టీరియో పవర్ ఆంప్లిఫయర్‌లో ఒకవైపు సౌండ్ తగ్గిందా? మెకానిక్ అక్కర్లేదు, ఈ అయిదు పనులు చేయండి" అంటూ అదే వాట్సాప్ మెసేజ్. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే విసుగు దాచుకోకుండా రాస్తున్నాను.

బంగారు పూత వైర్లు కొనాలట. ముందు ఆంప్ దగ్గర కుడి, ఎడమ స్పీకర్ వైర్లు తారుమారు చేయండి. తగ్గింది అదే స్పీకర్ అయితే తప్పు ఆంప్‌ది కాదు. రెండో స్పీకర్‌కి మారితే ఇన్‌పుట్ వైర్లు కూడా అలాగే మార్చి చూడండి. పైసా ఖర్చు లేదు.

లెవెల్ కంట్రోల్‌లో కిరోసిన్ చుక్క వేయాలట. వద్దు. జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ వాడండి.

పవర్ ట్రాన్సిస్టర్లు మార్చాలట. ఇలాంటి పాత ఆంప్‌లలో వాడే 2ఎన్3055 అనే పవర్ ట్రాన్సిస్టర్ పోతే షార్ట్ అయి ఫ్యూజ్ ఎగరగొడుతుంది, లేదా ఓపెన్ అయి సౌండ్ పగులుతుంది. సౌండ్ శుభ్రంగానే ఉండి మెల్లమెల్లగా తగ్గిపోవడం దాని లక్షణం కాదు. పైగా ఆ నంబరు మీద నకిలీలు బోలెడు. పనిచేస్తున్న అసలుదాన్ని పీకి నకిలీ పెట్టుకోవడమెందుకు?

ఇక నాలుగోది. దీనికోసమే రాయడం మొదలుపెట్టాను. "సౌండ్ తగ్గిన వైపు బోర్డు మీద చిన్న స్క్రూ ఉంటుంది, రెండు వైపులా సమానమయ్యేదాకా తిప్పండి" అంటాడు. ఆ స్క్రూ బయాస్ ప్రీసెట్! పాట లేనప్పుడు ట్రాన్సిస్టర్లలో ఎంత కరెంటు పారాలో అది నిర్ణయిస్తుంది. సౌండ్ ఎంత రావాలో నిర్ణయించేది ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు. అవి 22 కిలో ఓమ్‌లు, 1 కిలో ఓమ్ ఉంటే గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే నిష్పత్తి, 23 రెట్లు. స్క్రూ ఎంత తిప్పినా అది 23 రెట్లే. సౌండ్ పెరగదు కాబట్టి మనిషి ఇంకా తిప్పుతాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

పవర్ ట్రాన్సిస్టర్‌తో వరుసగా ఉండే 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ మీద 11 మిల్లీవోల్టులుంటే 50 మిల్లీఆంపియర్లు. ప్లస్ మైనస్ 40 వోల్టుల సప్లైతో 4 వాట్ల వేడి, అంతే. అదే ఒక ఆంపియర్ దాకా తిప్పితే 80 వాట్లు. ట్రాన్సిస్టర్ వేడెక్కే కొద్దీ ఇంకా కరెంటు లాగుతుంది, లాగే కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. గత నెల మా మేనమామ ఇంట్లో ఇదే జరిగింది. పది నిమిషాల్లో ట్రాన్సిస్టర్ వేడిని లాగే లోహపు హీట్‌సింక్ చేయి పెట్టలేనంత కాలింది. ట్రాన్సిస్టర్ షార్టయి 40 వోల్టుల డీసీ తిన్నగా స్పీకర్‌లోకి పోయింది. బేస్ పలికే ఊఫర్ కాయిల్ మాడిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆయన పెట్టె మీద దుమ్ము పడనివ్వకుండా చూసుకున్న స్పీకర్ అది. ఈ మెసేజ్ రాసినవాడు ఒక్కసారైనా మల్టీమీటర్ పట్టుకున్నాడా?

"కండెన్సర్లన్నీ మార్చండి" అనేది చివరిది. పెద్ద ఫిల్టర్ కండెన్సర్లు రెండు చానళ్లకీ ఉమ్మడిగా ఉంటే అవి బలహీనపడినా ఒక్క వైపే సౌండ్ తగ్గదు. అన్నీ మార్చడం వృథా. కానీ ఇందులో నిజం కొంత ఉంది, ఒప్పుకుంటున్నాను. ఫీడ్‌బ్యాక్‌లో ఆ 1 కిలో ఓమ్‌తో వరుసగా 47 మైక్రోఫారడ్ల లాంటి చిన్న ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ ఉంటుంది. అది ఎండిపోతుంటే ముందు బేస్ పలచబడుతుంది. పూర్తిగా పోతే గెయిన్ 23 నుంచి ఒకటికి పడిపోతుంది. మామయ్య ఆంప్‌లో అసలు జబ్బు అదే. పది రూపాయలు కూడా చేయని కండెన్సర్. మెసేజ్‌లో అయిదోది ముందుండి, నాలుగోది లేకుండా ఉంటే ఆ ఊఫర్ మిగిలేది.

వాల్యూమ్ బాగా పెంచినప్పుడు తగ్గిన వైపు ఠక్కున పలికి, తర్వాత మామూలుగా వస్తుంటే స్పీకర్ రిలే (ఆంప్‌ను స్పీకర్‌కు కలిపే స్విచ్) కాంటాక్టులు చూడండి. మెసేజ్‌లో రిలే మాటే లేదు.

ఇప్పటికే స్క్రూ తిప్పేసినవాళ్లు ఆంప్‌ను నేరుగా ప్లగ్‌లో పెట్టకండి. ఏ వైపు తిప్పితే కరెంటు తగ్గుతుందో సర్క్యూట్‌లో చూసి, ప్రీసెట్‌ను చివరిదాకా అటు తిప్పండి. స్పీకర్లు తీసేసి, ఆంప్‌కి వచ్చే మెయిన్స్ కరెంటు వైరుకు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే ఫరవాలేదు. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేసి నాకు ఫోన్ చేయండి, ఏ వేళైనా సరే.